ప్రెషర్ మాత్ర ఏ కబురును ఆపుతుంది?

బరంపురంలో పాత బస్టాండు దగ్గర మా మందుల షాపు. మావగారు పెట్టింది. ఆయన తర్వాత కౌంటరు నేనే చూసుకుంటున్నాను. వచ్చేవాళ్ళలో కొందరు తెలుగు, కొందరు ఒడియా, చాలామంది రెండూ కలిపి మాట్లాడతారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చి, రైలెక్కే ముందు మందులు కొనుక్కునేవాళ్ళూ ఎక్కువే. ఏ భాషవాళ్ళయినా చీటీ చేతికిచ్చి అడిగేది "ప్రెషర్ మాత్ర" అనే.

నన్ను బాగా బాధపెట్టే మాట ఒకటుంది. "ప్రెషర్ నార్మల్‌కి వచ్చేసిందమ్మా, అందుకే మానేశాను." ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ళ మొహంలో సంతోషం ఉంటుంది. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది అంటే తలూపుతారు గానీ మనసులో నమ్మరు. వాళ్ళది తప్పు కాదు. జ్వరం తగ్గితే జ్వరం మాత్ర మానేస్తాం, ఒళ్ళు నొప్పి తగ్గితే నొప్పి మాత్ర మానేస్తాం. ప్రెషర్ మాత్ర మాత్రం ఎందుకు వేసుకుంటూనే ఉండాలో, అది లోపలికెళ్ళి ఏం చేస్తుందో వాళ్ళకి కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. కౌంటరు దగ్గర రద్దీలో నేనూ పూర్తిగా చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన ఒంట్లో రక్తపోటు పెంచమనీ, తగ్గించమనీ ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి కబుర్లు వెళ్తుంటాయి. కొన్ని నరాల ద్వారా వెళ్తాయి, కొన్ని రక్తంలో కలిసి వెళ్తాయి. రక్తంలో వెళ్ళేవాటిలో పెప్టైడ్ హార్మోన్లు చాలా ముఖ్యమైనవి. పెప్టైడ్ అంటే చిన్న ప్రోటీను ముక్క. అమైనో ఆమ్లాలు అనేవాటిని పువ్వుల్లా వరసగా గుచ్చిన దండ అనుకోండి. ప్రోటీను అంటే చాలా పొడుగు దండ, పెప్టైడ్ అంటే పొట్టి దండ. రక్తపోటు విషయంలో ఆ దండని ఎక్కడ కత్తిరిస్తారు, ఎన్ని పువ్వులు మిగులుతాయి అన్నదే అసలు కథ.

కాలేయం ఆంజియోటెన్సినోజెన్ అనే పొడుగు దండని ఎప్పుడూ రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన ఏమీ జరగదు. కిడ్నీకి వచ్చే రక్తం ఒత్తిడి తగ్గినా, కిడ్నీ గొట్టాల్లోకి చేరే ఉప్పు తగ్గినా, నరాల నుంచి ఆజ్ఞ వచ్చినా, కిడ్నీ రెనిన్ అనే ఎంజైముని వదులుతుంది. రెనిన్ వచ్చి ఆ దండ చివర నుంచి పది పువ్వుల ముక్క కత్తిరిస్తుంది. దాని పేరు ఆంజియోటెన్సిన్ వన్. దానికీ పెద్దగా బలం లేదు. రక్తంతో పాటు అది తిరుగుతూ, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల గోడల మీద ఉండే ఏసీఈ అనే ఇంకో ఎంజైము దగ్గరికి చేరుతుంది. ఏసీఈ చివరి రెండు పువ్వులు తీసేస్తుంది. మిగిలిన ఎనిమిది పువ్వుల ముక్కే ఆంజియోటెన్సిన్ టూ.

ఈ ఎనిమిది పువ్వుల ముక్క బలం అంతా ఇంతా కాదు. రక్తనాళాలను బిగిస్తుంది. కిడ్నీ పైన కూర్చున్న అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్‌ని విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ పెప్టైడ్ కాదు, స్టెరాయిడ్ జాతి హార్మోను. మూత్రంలో పోవాల్సిన ఉప్పుని అది వెనక్కి లాగుతుంది, ఉప్పు వెంట నీరూ వస్తుంది. ఆంజియోటెన్సిన్ టూ మెదడుకీ చేరి దాహం పుట్టిస్తుంది. నాళాలు బిగిసి, లోపల నీరు పెరిగితే ప్రెషర్ పెరగక ఏమవుతుంది?

మాత్ర మానేసేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. రక్తంలో తిరిగే ఆంజియోటెన్సిన్ టూలో సగభాగం ఒక్క నిమిషం లోపే విరిగిపోతుంది. అంటే శరీరం దాన్ని ఒకసారి తయారు చేసి ఊరుకోదు, పగలూ రాత్రీ తయారు చేస్తూనే ఉంటుంది. రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటి మాత్రలు ఏసీఈని అడ్డుకుంటాయి కాబట్టి ఆ ఎనిమిది పువ్వుల ముక్క సరిగా తయారు కాదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి ముక్కని తయారు కానిస్తాయి గానీ, అది వెళ్ళి అతుక్కోవాల్సిన చోటుని ముందే ఆక్రమిస్తాయి. కబురు వస్తుంది, వినేవాళ్ళుండరు. మాత్ర మానేస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. కబురు మళ్ళీ చేరుతుంది, కొద్ది రోజుల్లో ప్రెషర్ మళ్ళీ పాత చోటికే వస్తుంది. మాత్ర వేసుకున్నన్నాళ్ళూ రోగం నయమవుతూ వచ్చిందనుకోవడం ఇక్కడ కుదరదు. మాత్ర రోజూ ఒక కబురుని ఆపుతూ వచ్చింది, అంతే.

ఇంత చేటు చేసే పదార్థాన్ని శరీరం ఎందుకు తయారు చేస్తుంది అని మా అబ్బాయి అడిగాడు. చాలా మంచి ప్రశ్న. గాయమై రక్తం పోయినప్పుడు, వాంతులు విరేచనాలతో నీరంతా పోయినప్పుడు మనిషి ప్రాణం నిలబెట్టే ఏర్పాట్లలో ఇదొకటి. వైశాఖంలో మా గంజాం జిల్లాలో పొలం పనిచేసే మనిషి చెమటతో ఎంత ఉప్పు పోగొట్టుకుంటాడో చూస్తే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. అవసరం లేని వేళ కూడా అది ఆగకపోతేనే చిక్కు.

దీన్ని కనిపెట్టడానికి పట్టిన కాలం తలచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. 1898లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో రాబర్ట్ టైగర్‌స్టెట్, ఆయన విద్యార్థి పేర్ బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీల నుంచి తీసిన రసాన్ని ఇంకో కుందేలు రక్తనాళంలోకి ఎక్కిస్తే ప్రెషర్ పెరిగింది. దానికి రెనిన్ అని పేరు పెట్టారు. తర్వాత చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీకి వెళ్ళే ధమనిని క్లిప్పుతో కొంచెం నొక్కి, వాటికి ప్రెషర్ రావడం చూపించాక మళ్ళీ కదలిక వచ్చింది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే బ్యూనస్ ఎయిరిస్‌లో ఒక బృందం, అమెరికాలో ఇంకో బృందం ఎవరికి వారే ఆంజియోటెన్సిన్‌ని పట్టుకున్నాయి.

ఇక దగ్గు సంగతి. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు. మనిషి వచ్చినప్పుడల్లా ఒక దగ్గు సిరప్ కొనేవారు. పొడి దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు, రాత్రిళ్ళు నిద్ర లేదు. ఎక్స్‌రే తీయించారు, టీబీ పరీక్ష చేయించారు, ఏమీ దొరకలేదు. ఆయన భార్యేమో పక్క గదిలో పడుకుంటున్నానని కన్నీళ్ళు పెట్టుకుంది. ఒకసారి ఆయన అన్ని చీటీలూ ఉన్న సంచి తెచ్చి కౌంటరు మీద పెట్టారు. అందులో వేరే ఊళ్ళో వేరే డాక్టరు రాసిన ప్రెషర్ చీటీ ఉంది. రామిప్రిల్. తేదీలు కలిపి చూస్తే, అది మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు మొదలైంది. "మాస్టారూ, మీ అంతట మీరు మానకండి, ఈ చీటీ పట్టుకెళ్ళి డాక్టరుగారికి దగ్గు సంగతి చెప్పండి" అన్నాను. డాక్టరుగారు టెల్మిసార్టాన్‌కి మార్చారు. కొన్ని వారాలకి దగ్గు పోయింది. ఆ సిరప్‌లకీ పరీక్షలకీ పెట్టిన డబ్బు, ఆ ఇద్దరి నిద్ర తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. చీటీ రాసిన రోజే ఎవరో ఒకరు "దగ్గు వస్తే చెప్పండి" అని ఒక్క మాట అని ఉండాల్సింది.

ఎందుకు వచ్చిందంటే, ఏసీఈ చేసే పని ఒకటి కాదు. ప్రెషర్ పెంచే ఆంజియోటెన్సిన్ టూని తయారు చేయడం ఒకటి. బ్రాడీకైనిన్ అనే ఇంకో పెప్టైడ్‌ని విరగ్గొట్టడం రెండోది. బ్రాడీకైనిన్‌లో తొమ్మిది అమైనో ఆమ్లాలు. అది రక్తనాళాలను వదులు చేసి ప్రెషర్ తగ్గిస్తుంది. ఏసీఈని ఆపితే పెంచేది తగ్గుతుంది, తగ్గించేది నిలుస్తుంది. ప్రెషర్‌కి రెండు వైపులా లాభమే. కానీ శ్వాసనాళాల్లో బ్రాడీకైనిన్ పోగుపడితే అక్కడి నరాలు ఊరికే రేగుతాయి, పొడి దగ్గు వస్తుంది. అందరికీ రాదు, కొందరికే. టెల్మిసార్టాన్ జాతి మాత్రలు ఏసీఈని ముట్టుకోవు కాబట్టి వాటితో ఈ బెడద తక్కువ. అరుదుగా రామిప్రిల్ జాతి మాత్రతో పెదవులు, నాలుక వాస్తాయి. అప్పుడు షాపుకి రాకూడదు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. అలాగని ప్రతి దగ్గునీ మాత్ర మీదకి నెట్టేయకండి. కఫం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించాల్సిందే.

ఈ బ్రాడీకైనిన్ కథ బ్రెజిల్‌లో పాము విషంతో మొదలైంది. 1949లో సావో పాలోలో మౌరీసియో రోచా ఈ సిల్వా, విల్సన్ బెరాల్డో, గాస్టావ్ రోసెన్‌ఫెల్డ్ జరారాకా అనే అక్కడి రక్తపింజరి జాతి పాము విషాన్ని కుక్క రక్తంలో కలిపితే, ప్రెషర్ తగ్గించే పదార్థం ఒకటి పుట్టడం చూశారు. అదే బ్రాడీకైనిన్. తర్వాత 1960లలో సెర్జియో ఫెరేరా అనే అక్కడి శాస్త్రవేత్త, బ్రాడీకైనిన్‌ని విరగనీయకుండా కాపాడే చిన్న పెప్టైడ్లు కూడా ఆ విషంలోనే ఉన్నాయని గమనించాడు. వాటిని లండన్‌లో జాన్ వేన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అవి ఏసీఈని ఆపుతాయని అక్కడ తేలింది. విషంలోని పెప్టైడ్‌ని నోటితో వేసుకుంటే కడుపులోనే అరిగిపోతుంది. అందుకని స్క్విబ్ కంపెనీలో డేవిడ్ కుష్‌మన్, మిగెల్ ఒండెట్టి అదే పని చేసే చిన్న అణువుని తయారు చేశారు. అది క్యాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. రామిప్రిల్, ఎనాలాప్రిల్ దాని తర్వాత వచ్చిన తమ్ముళ్ళు. వీటిలో విషం ఏమీ లేదు, భయపడకండి.

అదే 1981లో జరిగిన ఇంకో సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టం. గుండె అంటే రక్తాన్ని తోసే కండరం అని మాత్రమే అప్పటిదాకా పాఠాల్లో చెప్పేవారు. గుండె పై గదుల కణాల్లో చిన్న చిన్న రేణువులున్నాయని మైక్రోస్కోపుల్లో కనబడుతోంది గానీ అవి ఎందుకో తెలియదు. కెనడాలోని కింగ్‌స్టన్‌లో అడాల్ఫో డి బోల్డ్ ఎలుకల గుండె పై గదుల నుంచి రసం తీసి వేరే ఎలుకలకి ఎక్కించాడు. మూత్రంలో ఉప్పూ నీరూ ఒక్కసారిగా పెరిగాయి, ప్రెషర్ పడిపోయింది. గుండె కూడా హార్మోను తయారు చేస్తుందని అలా తెలిసింది. అది ఏఎన్‌పీ, 28 అమైనో ఆమ్లాలది. రక్తం ఎక్కువై గుండె గోడ సాగితే అది విడుదలవుతుంది. ఉప్పుని వదిలెయ్యమని కిడ్నీకి, వదులవమని నాళాలకి చెబుతుంది, రెనిన్‌నీ ఆల్డోస్టిరాన్‌నీ అణుస్తుంది. భారం మోయలేకపోతున్న అవయవం తన భారం తగ్గించమని తానే కబురు పంపుతుందన్నమాట. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడులో అలాంటిదే ఇంకో హార్మోను, 32 అమైనో ఆమ్లాల బీఎన్‌పీని కనిపెట్టారు. పుట్టిల్లు మెదడు కాదు, ఎక్కువగా గుండె కింది గదులే అని తర్వాత తేలింది.

మావగారి చివరి ఏళ్ళలో గుండె బలహీనపడి కాళ్ళు వాచినప్పుడు ల్యాబ్ రిపోర్టులో ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ అని, అంటే బీఎన్‌పీ తయారయ్యేటప్పుడు విడిపోయే ముక్క ఎంతుందని, పెద్ద అంకె వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఇప్పుడు షాపుకి అలాంటి రిపోర్టు తెచ్చి, "ఈ హార్మోను ఎక్కువగా ఉందట, తగ్గించే మందివ్వండి" అనేవాళ్ళని చూస్తే ఆ రోజులే గుర్తొస్తాయి. వాళ్ళకి నేను చెప్పేది ఇదే. ఈ హార్మోను మీకు చెడు చేయడం లేదు, గుండె ఎంత కష్టపడుతోందో అది చెబుతోంది. నిజానికి ఆ హార్మోనుని ఇంకాస్త సేపు రక్తంలో నిలిపేందుకే ఒక మందు ఉంది. నెప్రిలైసిన్ అనే ఎంజైము ఏఎన్‌పీనీ బీఎన్‌పీనీ విరగ్గొడుతుంది. సాక్యుబిట్రిల్ దాన్ని ఆపుతుంది. వాల్సార్టాన్‌తో కలిపి ఒకే మాత్రగా గుండె బలహీనపడినవాళ్ళకి ఇస్తారు. ఒకప్పుడు దాని ధర చెప్పడానికే నాకు నోరు వచ్చేది కాదు. 2023 నుంచి జెనరిక్‌లు వచ్చాక చాలా కుటుంబాలకి అందుబాటులోకి వచ్చింది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రామిప్రిల్ జాతి మాత్ర మానిన 36 గంటల లోపు దీన్ని మొదలుపెట్టకూడదు. రెండూ కలిస్తే బ్రాడీకైనిన్ మరీ పోగుపడి మొహం, గొంతు వాచే ప్రమాదం ఉంది. ఇంట్లో పాత స్ట్రిప్ మిగిలి ఉంటే పారేయమని చెప్పే పంపిస్తాను.

మెదడు నుంచి వచ్చే వాసోప్రెసిన్ కూడా ఈ గుంపులోదే. తొమ్మిది అమైనో ఆమ్లాలు, నీటిని కిడ్నీలో నిలుపుతుంది, మోతాదు పెరిగితే నాళాలను బిగిస్తుంది. ఐసీయూలో ప్రెషర్ బాగా పడిపోయినవాళ్ళకి దీన్నే డ్రిప్‌లో ఇస్తారు. ఎండోథెలిన్ అని ఇంకోటి ఉంది, రక్తనాళాల లోపలి పొర తయారు చేస్తుంది, బిగించడంలో చాలా గట్టిది. ఈ రెండూ మా కౌంటరు దాకా పెద్దగా రావు.

ఉప్పు సంగతి చెప్పకుండా ఉండలేను. మాది హుమ్మ ఉప్పు మడులున్న జిల్లా. పఖాళ అనే చద్దన్నంలో ఉప్పు, పక్కన ఎండు చేప, అప్పడం, ఆవకాయ. నాకూ ప్రాణమే. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఒక చిన్న చెంచా. ఉప్పు బాగా తింటుంటే రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి మాత్రల బలం కూడా తగ్గుతుంది. అవి అడ్డుకునే దారి ఒకటి, ఉప్పు నీటిని నిలిపే దారి ఇంకొకటి. మాత్ర మార్చమని డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఒక నెల అప్పడాలూ ఎండు చేపా తగ్గించి చూడమని మా పిన్నిగారితో సహా అందరికీ చెబుతాను. సోడియం తక్కువ ఉప్పు అని ప్యాకెట్లు వస్తున్నాయి, వాటిలో పొటాషియం ఉంటుంది. ఈ జాతి మాత్రలు వేసుకునేవాళ్ళలో ఆల్డోస్టిరాన్ తగ్గి పొటాషియం ముందే నిలుస్తుంది. కిడ్నీలు బాగా లేనివాళ్ళు డాక్టరుని అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు.

ఇంతకన్నా పెద్ద భయం నొప్పి మాత్రలతో. మగ్గం మీద కూర్చునేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు నడుం నొప్పికి డైక్లోఫెనాక్ అడుగుతారు. కిడ్నీ వడపోత గదిలోకి రక్తం వచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. బయటికి వెళ్ళే నాళాన్ని బిగించి లోపల ఒత్తిడి నిలిపేది ఆంజియోటెన్సిన్ టూ. డైక్లోఫెనాక్ మొదటిదాన్ని కొడుతుంది, రామిప్రిల్, టెల్మిసార్టాన్ జాతి ప్రెషర్ మాత్ర రెండోదాన్ని. దానికి తోడు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీళ్ళ మాత్ర కూడా ఉంటే కిడ్నీ వడపోత ఒక్కసారిగా పడిపోవచ్చు. "ప్రెషర్ మాత్ర వేసుకుంటున్నారా?" అని అడగకుండా నేను నొప్పి మాత్ర ఇవ్వను. కొందరు విసుక్కుని పక్క షాపుకి వెళ్ళిపోతారు, వెళ్ళనీ. ఎండాకాలం వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడూ ఇదే సంగతి. నీరు పోయిన శరీరానికి ఆ రోజు ఆంజియోటెన్సిన్ అవసరం. ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి, ప్రెషర్ మాత్ర వేసుకోవాలా ఆపాలా అని అదే రోజు డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఈమధ్య ముప్ఫై దాటని ఆడపిల్లల చీటీల్లో కూడా టెల్మిసార్టాన్ కనబడుతోంది. అలాంటప్పుడు పక్కన అత్తగారున్నా సరే, "అమ్మా, నెల తప్పావా? పిల్లల కోసం చూస్తున్నారా?" అని నెమ్మదిగా అడుగుతాను. కడుపులో బిడ్డ కిడ్నీలు సరిగా తయారవడానికి ఆ బిడ్డకి సొంత ఆంజియోటెన్సిన్ కావాలి. రామిప్రిల్, టెల్మిసార్టాన్ జాతి మాత్రలు ఆ కబురుని బిడ్డలోనూ ఆపుతాయి. ఉమ్మనీరు తగ్గిపోతుంది, బిడ్డ కిడ్నీలు పాడవుతాయి. అవునని తలూపితే ఆ మాత్ర కట్టకుండా, అక్కడే డాక్టరుకి ఫోన్ కలిపి ఇస్తాను. గర్భిణులకి మెథిల్‌డోపా, లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి రాస్తారు, అవి మా షాపులో ఎప్పుడూ నిల్వ ఉంచుతాను.